ఇరవై కిలోమీటర్లు జరిగిన చుక్క

మ్యాపింగ్ ఆఫీసు మూడో అంతస్తులో ఆయన టీ కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు. రెండో గుక్క తాగలేదు. తల కీబోర్డు మీద వాలిపోయింది. స్క్రీన్ నిండా ఒకే అక్షరం వరుసగా పడుతూ పోయింది.

"సయనైడ్," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్. "పోయింది మీ అక్క భర్తే అని తెలుసు, ఏజెంట్ ఎయిట్. కావాలంటే కేసు ఇంకొకరికి ఇస్తాను."

"వద్దు సార్. చెప్పండి."

"ఏ చోట్లు పోతే జీవజాతులు శాశ్వతంగా పోతాయో, ఆ చోట్ల ప్రపంచ జాబితాను అంతర్జాతీయ కమిటీ రేపు నాలుగింటికి మూసేస్తుంది. మీ బావ కనిపెట్టిన చిత్తడి నేల అందులో ఎక్కాలి. ఆ కొంగలు భూమ్మీద మిగిలింది పదకొండు జంటలే. ఆ తీరం పొడవునా నేలలు పూడ్చడానికి పర్మిట్లు రెడీ. జాబితాలో ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోరు."

"చంపిందెవరు?"

"విదేశీ ముఠా. అరుదైన పక్షుల గుడ్ల దొంగలు. అసలు చోటు చెప్పనన్నందుకు చంపారు. దొంగల కన్ను పడ్డ ప్రాణులుంటే మ్యాపుల వాళ్ళు పబ్లిక్ మ్యాపులో ఆ చోటును చూపే చుక్కను పక్కకి జరుపుతారు. మీ బావ ఇరవై కిలోమీటర్లు జరిపాడు. అసలు చుక్క ఒక్క డ్రైవ్‌లోనే ఉంది. రెండో కాపీ అంటే రెండో దొంగ అనేవాడట. రేపు కమిటీ ముందే అది తెరుస్తారు. ఆ హాల్లో ముఠా మనిషి ఉంటాడు. పట్టుకో."

మార్చురీ మెట్ల మీద అక్క ఏడవలేదు. "పదకొండేళ్ళు ఆ బురదలో ఒంటరిగా తిరిగాడురా తమ్ముడూ. మనిషెలాగూ పోయాడు. ఆ చుక్కైనా నిలబెట్టు."

మర్నాడు ఎయిట్ ప్రొజెక్టర్ మెకానిక్‌గా హాల్లోకి వెళ్ళాడు. కమిటీకి అనువాదకురాలి వేషంలో ఉన్న సీక్రెట్ సర్వీస్ మనిషి అతణ్ణి కలిసింది. పచ్చని సిల్కు గౌను, చెవులకు పొడవాటి లోలాకులు. తలలన్నీ అటే తిరిగాయి.

"ఫ్యూజు ఎక్కడ కాలింది?" అందామె. కోడ్ వర్డ్.

"కాలలేదు, వదులైంది."

"మూడో వరుస బట్టతలని చూస్తుండు. నాకతని మీదే అనుమానం." ఆమె నవ్వింది. "అయినా మీ మ్యాపుల మాస్టారు ఉత్త కోతలరాయుడు! ఆ చుక్క దగ్గర కొంగలేంటి, కాకి కూడా వాలదు. రెండు ముళ్ళపొదలు, ఒక పాడుబడ్డ పంపు షెడ్డు."

లైట్లు ఆరాయి. అధ్యక్షుడు డ్రైవ్ పెట్టాడు. మూడు యాభై ఎనిమిది.

ఎయిట్ అప్పుడు ఆగిపోయాడు. కమిటీలో ఒక్కరూ ఆ చుక్క దగ్గరికి వెళ్ళలేదు. డిపార్ట్‌మెంట్ కూడా ఈమెను అక్కడికి పంపలేదు. మరి పంపు షెడ్డు ఎలా చూసింది? ఆ తప్పుడు చుక్కను నమ్మి గుడ్ల కోసం వెళ్ళి వెర్రిమొహం వేసుకుని తిరిగొచ్చిన వాళ్ళకే ఆ షెడ్డు తెలుసు.

ఆమె లోలాకును స్క్రీన్ వైపు తిప్పింది. అందులో రాయి లెన్సులా మెరిసింది. మ్యాపు పైనుంచి కిందికి పరుచుకుంటోంది. మీద పడి పట్టుకునేలోపు ఆ బొమ్మ దేశం దాటేస్తుంది.

అతని వాచ్‌లో ఒక రహస్య మీట ఉంది. నొక్కితే ఇరవై అడుగుల్లో ఉన్న ప్రతి యంత్రం మాడిపోతుంది. కెమెరాతో పాటు డ్రైవ్ కూడా.

నొక్కాడు.

ఎయిట్ వేలు చూపగానే గార్డులు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు. "పిచ్చోడా," అందామె శాంతంగా, "మేమైతే కనీసం కొన్ని గుడ్లు మిగిల్చేవాళ్ళం."

ఎయిట్ అధ్యక్షుడి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "ఒక్క నెల గడువివ్వండి సార్. మళ్ళీ వెతుకుతాం."

"అందరూ చూడని సాక్ష్యం సాక్ష్యం కాదు నాయనా. నాలుగేళ్ళకి మళ్ళీ జాబితా తెరుస్తాం."

గడియారం నాలుగు కొట్టింది.

బయట కారులో వదిలిన ఫోన్ మోగింది. "జాబితాలో పడిందా?" అంది అక్క.

"లేదక్కా. కానీ దొంగలకీ దొరకలేదు."

"మరి నువ్వక్కడ ఉండి ఏం చేశావురా?" అని పెట్టేసింది.

చీఫ్ మాత్రం హుషారుగా ఉన్నాడు. "శభాష్ ఎయిట్! మిషన్ సక్సెస్. ఇక ఆ కొంగల జోలికి ఎవడొస్తాడు?"

"దొంగలు రారు సార్," అన్నాడు ఎయిట్. "పర్మిట్ ఉన్నవాళ్ళే వస్తారు."