రొట్టెల బట్టీ వెనకింట్లో మువ్వ చప్పుడు

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. సగంలో "అబ్బే" అన్నవాణ్ణి మాత్రం ఊరుకోను. ఒంటిచేత్తో లక్ష ఎలుకల్ని పట్టినవాణ్ణి నేను. లక్ష ఎక్కువంటారా? సరే, మీ మాట ఎందుకు కాదనాలి, తొంభై తొమ్మిది వేలు. నా చెప్పుల చప్పుడు వీధి మొదట్లో వినబడితే వీధి చివర పందికొక్కులు పెట్టేబేడా సర్దుకునేవి. పిల్లా పెద్దా "బోను మామ" అని పిలిచే నాకు జీవితంలో ఒకే ఒక్కసారి చేతిలో దీపం వణికింది.

ఎక్కడంటే... రొట్టెల బట్టీ వెనకింట్లో.

ఆ ఇంటి మాటెత్తితే పట్టపగలే గొంతు తగ్గించేవాళ్ళు. బట్టీకీ ఆ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. పదకొండేళ్ళలో తొమ్మిది కుటుంబాలు దిగాయి, తొమ్మిదీ సామాను సగం వదిలేసి పోయాయి. దీపాలార్పాక అటక మీద మువ్వ చప్పుడు. ఘల్... ఆగుతుంది. ఘల్, ఘల్... మళ్ళీ ఆగుతుంది. సరిగ్గా మీరు ఊపిరి పీల్చుకోబోయేటప్పుడు — ఘల్!

నాట్యం నేర్చిన పిల్లెవరో ఆ ఇంట్లో చచ్చిపోయిందన్నారు. చీర ఎర్రదన్నారు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయన్నారు. ఇక దాచడమెందుకు... ఆ చీర రంగు, ఆ పాదాలు నేను చేర్చినవే. కథ చెప్పేటప్పుడు కాస్త ఉప్పు తగలాలి కదా!

అలాంటి ఇంట్లోకి పదో కాపురం దిగింది. ఇల్లాలు బట్టలు కుట్టేది, టైలరమ్మ అనేవాళ్ళం. మొగుడు లారీ డ్రైవరు, వారానికి నాలుగు రాత్రులు రోడ్డు మీదే. చంకలో రెండు నెలల పాప. రోజంతా టకటకలాడే మిషన్ని ఏ ఇంటాయనా భరించలేదు. ఈ ఇంటాయనొక్కడే, ఎవరో ఒకరు ఉంటే చాలని, తాళంచెవి చేతిలో పెట్టాడు. ఆ ఇల్లు పోతే టైలరమ్మకి తల దాచుకునే చోటు లేదు.

ఓ పొద్దున నా గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అన్నా, దెయ్యమైతే సర్దుకుపోతాను. అదీ ఆడదే అంటున్నారుగా. ఎలుకల్ని మాత్రం భరించలేను."

పాప కాలు చూపించింది. కుడికాలి బొటనవేలి మీద రెండు పంటిగాట్లు. అప్పటికే ఆస్పత్రిలో కడిగించి సూది వేయించుకొచ్చింది.

"మందు పెట్టొద్దు. రేపు ఇది పాకుతుంది. ఏ మూల చెయ్యి పెడుతుందో, ఏది నోట్లో వేసుకుంటుందో!"

"మందా? మందు పెట్టేవాడు చేతకానివాడు తల్లీ," అన్నాను మీసం సవరిస్తూ. "ఆ బట్టీ ఉందే, పదకొండేళ్ళ కిందట పిండి బస్తాల్లో వెయ్యి ఎలుకలు. ఒక్కదాన్ని చంపలేదు. మూడు రాత్రుల్లో బట్టీ మొత్తం ఖాళీ చేయించాను. ఎలా అని అడక్కు, అది నా రహస్యం."

"ఎలా అని అడగను," అంది. "ఎక్కడికెళ్ళాయవన్నీ?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

"ఎక్కడికో... పోయాయి."

"మీరు పట్టేవన్నీ నోటితోనేనా అన్నా, బోనుతో కూడానా?"

ఆ మాట పడ్డాక ఆగుతానా! ఆ సాయంత్రమే సంచీ భుజానేసుకుని వెళ్ళాను. గోడవారగా దీపం పట్టి చూస్తే ఎలుకలు రోజూ రాసుకుపోయే దారంతా నల్లటి జిడ్డు. ఆ దారిలో నాలుగు బోన్లు పెట్టి, ఒక్కోదానికి ఎండుచేప ముక్క గుచ్చాను. ఏది ఎటు నడిచిందో తెలియడానికి నేలంతా పల్చగా పిండి చల్లాను. పాప గుడ్డ ఉయ్యాల్లో పడుకుంది. ఉయ్యాల తాడు దూలానికుంది. దూలం పక్కనే అటక కన్నం... ఆ కన్నాన్ని అప్పుడు నేను లెక్కచెయ్యలేదు.

దీపం తగ్గించాం. టైలరమ్మ మిషన్ బల్ల మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. నేను స్టూలు మీద.

గంట గడిచింది. బట్టీలో పనివాళ్ళు తలుపులు వేసుకున్నారు. వీధి సద్దుమణిగింది.

ఘల్...

"విన్నారా?" అంది గుసగుసగా.

"ఊఁ."

ఘల్... ఘల్... అటక మీద, ఆ మూల నుంచి ఈ మూలకి. తీరిగ్గా. కుంటుతున్నట్టు.

అంతే, గోడలు కదిలాయి! గోడలు కావు, ఎలుకలు. కన్నాల్లోంచి, మిషన్ కింద నుంచి, తలుపు సందులోంచి... వంద? వెయ్యి? నేను చెబితే మీరు నమ్మరు, చెప్పను. నా పాదాల మీదుగా పరిగెత్తాయి. నాలుగు బోన్లలో నాలుగు చేప ముక్కలుంటే ఒక్కటీ మూతి తిప్పి చూడలేదు.

అక్కడ నాకు అర్థమైంది. ఆకలేసిన ఎలుక చేపని వదలదు. ఇవి తిండికి రాలేదు. పైన మోగుతున్న దాన్నుంచి పారిపోతున్నాయి. రోజూ రాత్రి ఇలాగే అటక మీద నుంచి ఈ గదిలోకి తరుముకొస్తోంది వీటిని...

ఘల్. చప్పుడు దూలం మీదికొచ్చింది. రెండు ఎలుకలు ఉయ్యాల తాడు పట్టుకుని సర్రున దిగుతున్నాయి.

"పాప!" అన్నాను. టైలరమ్మ బల్ల మీద నుంచి ఒక్క దూకు దూకి పాపని లాక్కుంది. ఎలుకలు గుడ్డలో పడి, అంచు మీదుగా కిందికి దూకి పోయాయి.

తరవాత... తాడు మీద ఘల్... ఘల్... ఘల్...

ఏదో దిగింది. ఖాళీ ఉయ్యాల్లో మెత్తగా పడింది. పాప పడుకున్న చోటే ముడుచుకుంది.

అప్పుడు నేనేం చేశానో వినండి. పులి నోట్లో చెయ్యి పెట్టినవాడు కూడా అలా చెయ్యడు. ఉయ్యాల గుడ్డని రెండు చేతులా మెలిపెట్టి, మూటకట్టి, బోను మూతికి ఆనించి దులిపాను. తలుపు టక్కున పడింది. గొళ్ళెం పెట్టాను. దీపం పెంచాను.

ముసలి ఎలుక. ఒంటి మీద బొచ్చు లేదు. కళ్ళు తెల్లబడిపోయాయి. మెడలో ఇత్తడి మువ్వ.

నన్ను నిలువునా కుదిపేసింది మువ్వ కాదు. ముడి. రాగితీగ మూడు మెలికలు తిప్పి, కొస గుచ్చుకోకుండా లోపలికి వంచిన ముడి. లోకంలో అలా కట్టేవాడు ఒక్కడే ఉన్నాడు.

దీపం వణికింది అప్పుడే.

"ఏమైంది అన్నా? దెయ్యమేనా?"

"దెయ్యమే తల్లీ," అన్నాను. "నాదే."

చెప్పేశాను. నా రహస్యం అదే. బట్టీలో పెద్ద పోతెలుకనొకదాన్ని ప్రాణాలతో పట్టి, మెడలో మువ్వ కట్టి వదిలేశాను. అది తోటివాటి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మోగుతుంది. మోగితే అవి పరుగు. పాపం, అది ఒంటరిది, తోడు కోసం వాటి వెనకే పోతుంది, అవి ఇంకా పరుగు. మూడు రాత్రుల్లో బట్టీ ఖాళీ. మధ్య గోడ ఒక్కటే కదా... అన్నీ ఈ ఇంట్లోకొచ్చాయి. వెనకాలే మువ్వా వచ్చింది. తొమ్మిది కాపురాలు లేచిపోతే నేను ఊరంతా తిరిగి దానికి ఎర్రచీర కట్టాను! నీ బిడ్డ వేలు కొరికించింది నా గొప్పతనమే తల్లీ, అన్నాను. తలెత్తి చూడలేకపోయాను.

ఆవిడ పాపని జోకొడుతూ నిలబడింది.

"అయితే పొద్దున్నే మొదలుపెట్టండి," అంది చివరికి. "ప్రతి కన్నం. గాజు పెంకులూ సిమెంటూ కూరండి. దూలం పక్కది ముందు."

"నా చేతుల్తోనే పూడుస్తాను."

"ఊఁ." పాపని ఇంకో భుజానికి మార్చుకుని మామూలుగా అడిగింది. "అన్నా... ఎలుక ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"రెండేళ్ళు. గట్టి పిండమైతే మూడు. లక్ష ఎలుకల్ని చూసినవాణ్ణి, అంతకి మించి ఒక్క రోజు..."



పదకొండేళ్ళు.

ఇద్దరం ఒక్కసారే బోను వైపు తిరిగాం.

తలుపు వేసినట్టే ఉంది. పెట్టిన గొళ్ళెం పెట్టినట్టే ఉంది. లోపల చేప ముక్క ఉంది, మువ్వ ఉంది. మూడు మెలికలూ అలాగే ఉన్నాయి, విప్పలేదు, తెగలేదు. గదంతా పిండి మీద వేల అడుగులు. బోను చుట్టూ మాత్రం జానెడు మేర... ఒక్క ఎలుక అడుగైనా లేదు.

"చిక్కిపోయింది కదా," అంది టైలరమ్మ నెమ్మదిగా, "తీగలోంచి జారిపోయి ఉంటుంది."

"ఊఁ. జారిపోయి ఉంటుంది."

గొళ్ళెం మాట ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తెల్లారేదాకా పాప ఆవిడ ఒళ్ళోనే పడుకుంది. మూడు రోజుల్లో నలభై ఏడు కన్నాలు పూడ్చాను. ఈ లెక్కలో మాత్రం ఒక్కటీ ఎక్కువ చెప్పలేదు. ఆ తరవాత ఆ ఇంట్లో ఎలుక అడుగుపెట్టలేదు, మువ్వ మోగలేదు. టైలరమ్మ బతికినన్నాళ్ళూ అక్కడే ఉంది, మిషన్ టకటకలాడుతూనే ఉంది. నేను మళ్ళీ ఏ ఎలుకకీ ఏమీ కట్టలేదు.

ఇంకా నమ్మకం కలగడం లేదా? వెళ్ళండి. అదే ఇంట్లో, అదే మిషన్ మీద ఇప్పుడు కూతురు కుడుతోంది. కుడికాలి బొటనవేలు చూపించమనండి. మిషన్ సొరుగు తీయమని అడగండి, లోపల రాగితీగ ముడి అలాగే ఉంటుంది. ఆ సొరుగులో ఎప్పుడూ ఎండుచేప ముక్కొకటి ఎందుకు పెడుతుందో, అది తెల్లారేసరికి ఏమవుతుందో ఆవిడే చెబుతుంది. ఆ కూతురి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ రాత్రి నుంచీ ఆవిణ్ణి అందరూ ఒకే పేరుతో పిలుస్తారు —

మువ్వ.