సూది గుచ్చిన ఫ్లాపీ

"ఆగండాగండాగండి! ఆ చెయ్యి షర్టులోంచి బయటికి తియ్యకండి!"

తలుపు తీసీ తియ్యగానే ఇలాంటి స్వాగతం దొరికితే ఎవరికైనా గుండె జారుతుంది. హిరోముకి జారి చెప్పుల్లో పడింది. బయట జూన్ వాన. ఒసాకా మొత్తం తడిసిన గొడుగుల వాసన. నిప్పొన్‌బాషిలో పాత కంప్యూటర్ సామాన్ల షాపు పైన ఉన్న ఈ ఒక్క గదిలో మాత్రం గాలి అప్పడంలా పొడిగా ఉంది.

అరిచిన అమ్మాయి టవల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పేరు చిగుసా. పాత ఫ్లాపీల్లోని ప్రోగ్రాములను చచ్చిపోకుండా కాపాడే సంఘంలో పని చేస్తుంది. పొట్టి జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, వానంటే పాతకక్ష.

"ముందు చేతులు తుడుచుకోండి. తర్వాత జుట్టు. అమ్మో, చెవుల్లోంచి కూడా కారుతోంది!"

"చెవులు కూడా విప్పి ఆరబెట్టమంటారా అండీ?"

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం అతను చూశాడు. చూశాడని ఆమెకి తెలిసింది. కళ్లద్దాలు పైకి తోసుకుని, "డిస్క్ ఇవ్వండి," అంది.

తడవకుండా షర్టు లోపల దాచుకొచ్చింది తీసి ఇచ్చాడు. అయిదంగుళాల ఫ్లాపీ. లేబుల్ మీద చేతిరాత: పిల్లి టోఫు బండి.

"మా అత్త రాసిన గేమండీ," అన్నాడు హిరోము. "కాలేజీలో ఉన్నప్పుడు. ఒక పిల్లి బూర ఊదుకుంటూ సందుల్లో టోఫు అమ్ముతుందట. ఆ రోజుల్లో ప్లాస్టిక్ కవర్లలో పెట్టి షాపుల్లో అమ్మింది. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే."

"అట అంటారేంటి? మీరు ఆడలేదా?"

"నాకు ఆరేళ్లప్పుడు నన్ను తెచ్చుకుని పెంచింది అత్తే. ఉన్నది ఒక్క గది. నా పరుపు వేయడానికి చోటు లేదని కంప్యూటర్ అమ్మేసింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా, 'ఆ పిల్లి చచ్చిపోయిందిరా, అన్నం తిను' అనేది. వచ్చే ఆదివారం అత్తకి షష్టిపూర్తి. ఆ పిల్లిని ఒక్కసారి నడిపించి చూపించాలండీ. ఆవిడకి నేనివ్వగలిగింది ఇంకేం తోచట్లేదు."

చిగుసా డిస్క్‌ని దీపం కిందికి తీసుకెళ్లింది. ఊరగాయ మీద పట్టినట్టు తెల్లటి బూజు. నల్లటి కవర్ అంచు జాగ్రత్తగా కోసి, లోపలి పల్చటి బిళ్లను బయటికి తీసింది. గోరువెచ్చని నీళ్లలో ఒక్క చుక్క సబ్బు వేసి, పసిపాపకి స్నానం చేయించినట్టు కడిగింది. బూజు పోయింది. ఆమె మొహంలో నవ్వు కూడా పోయింది.

"ఇదేంటి? సూది గుచ్చారా?"

నిజంగానే సన్నటి రంధ్రం.

"నేనా? నేను కవర్ కూడా ముట్టుకోలేదు!"

"మరి దోమ కుట్టిందా? బూజు గీకుదామని ఇంట్లో ఇలాంటి ఘనకార్యాలు చేసి, తర్వాత మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు. ఒక్కటే కాపీ అంటున్నారు, బుద్ధుండక్కర్లేదూ?"

ఇంకెప్పుడైనా అయితే హిరోము మెట్లు దిగి వెళ్లిపోయేవాడే. కానీ ఆ బిళ్ల వంక చూశాడు.

"తిట్టండి. ఎంతసేపైనా తిట్టండి, ఇక్కడే నిల్చుంటా. బతికించండి చాలు."

చిగుసా కుర్చీ అతని వైపు జరిపింది. "నిల్చోవడం ఎందుకు, కూర్చుని తిట్టించుకోండి."

బిళ్ల ఆరాక డ్రైవ్‌లో పెట్టింది. గరగర, టకటక. డిస్క్‌లో చదవగలిగిన ఒక్కో ముక్కకీ స్క్రీన్ మీద ఒక పచ్చటి గడి వెలుగుతుంటే ఇద్దరూ ముందుకి వంగి చూశారు. అన్నీ పచ్చగా వచ్చాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా. సరిగ్గా సూది రంధ్రం ఉన్న చోట.

"ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లో దాచేశా, అది అలాగే ఉంటుంది," అంది చిగుసా. "ఆడి చూడటానికి ఇంకో కాపీ చేసి, ఆ ఎర్ర గడిలో సున్నాలు నింపుతా. అతుకు వేసినట్టన్నమాట. నడుస్తుందేమో చూద్దాం."

నడిచింది. చుక్కల చుక్కల పిల్లి ఒకటి వచ్చి, మీసాలు ఆడించి, బూర ఎత్తి... ఆగిపోయింది. స్క్రీన్ నిండా అక్షరాలు.

దొంగ కాపీ! సిగ్గులేదూ? వెళ్లి మొహం కడుక్కుని, పళ్లు తోముకుని, కొనుక్కుని రా!

హిరోము పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "అత్త! అచ్చం మా అత్తే! నేనేం తప్పు చేసినా ముందు పళ్లు తోముకుని రమ్మనేది!"

చిగుసా మాత్రం రెండు చేతులతో తల పట్టుకుంది.

"అయ్యో, నా బుర్ర! ఆ రంధ్రం మీ అత్తగారే పెట్టారు. కావాలనే! ఫ్రెండ్ దగ్గర డిస్క్ తెచ్చుకుని కాపీ కొడితే అక్షరాలొస్తాయి కానీ రంధ్రం రాదు కదా. అందుకే గేమ్ ముందు ఆ చోటికెళ్లి చదివి చూస్తుంది. చదవలేకపోతే అసలుది. చక్కగా చదివేస్తే దొంగది. గాయం ఉంటేనే నిజమైనదండీ! నేను దాన్ని నయం చేసి పాడు చేశా!"

గబగబా ఆ అతుకు విప్పేసింది. ఎర్ర గడిని ఎర్రగానే ఉంచి మళ్లీ నడిపింది. ఈసారి పిల్లి బూర ఊదింది. కీచుమని, వంకరగా, ఎంత ముద్దుగా ఊదిందో! బండి సందు మలుపు తిరిగింది. ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

తర్వాత చిగుసా లేచి నిలబడి, నడుము వంచి దణ్ణం పెట్టింది. "క్షమించండి. తెలుసుకోకుండా నోరు జారాను. దోమ అని కూడా అన్నాను."

"దోమ అనలేదు. దోమ కుట్టిందా అన్నారు. నన్ను దోమ అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు." అతను కూడా లేచి వంగాడు. "ఆదివారం మీరూ రావాలి. పిల్లిని బతికించినవాళ్లు లేకుండా పండగేంటి?"

ఆదివారం కూడా వానే. సుమియే అత్త ఇంట్లో ఎర్ర బీన్స్ అన్నం ఘుమఘుమలాడుతోంది. అరవై నిండినవాళ్లు మళ్లీ పసిపాపలతో సమానమని తొడిగే ఎర్ర కోటు, ఎర్ర టోపీలో అత్త, "నన్ను టమాటా చేశారు కదరా," అని సణుగుతోంది. అప్పుడు చిగుసా తెచ్చిన కంప్యూటర్‌లో బూర మోగింది.

అత్త సణుగుడు ఆగిపోయింది.

స్క్రీన్‌కి దగ్గరగా జరిగి కూర్చుంది. చెయ్యి కీబోర్డు మీద పెట్టింది. వేళ్లకి సందులన్నీ గుర్తున్నాయి.

"ఒక్కో డిస్కుకీ కుట్టు సూదితో గుచ్చేదాన్ని," అంది. "డిస్కులకంటే నా వేళ్లకే ఎక్కువ చిల్లులు పడేవి. చచ్చిపోయిందనుకున్నా దీన్ని. థాంక్స్ అమ్మా. ఒరేయ్, నీకూ థాంక్స్‌రా. ఏడవకు, నువ్వేడిస్తే నాకు పిల్లి కనపడదు."

హిరోము ముక్కు తుడుచుకుని చిగుసా పక్కకి జరిగాడు. "మొదటి స్క్రీన్ మీద మీ పేరు పెడదామండీ. కింద, చిన్నగా. కృతజ్ఞతలు అని."

"ఊహూఁ. ఒక్క అక్షరం కూడా మార్చను. ఉన్నది ఉన్నట్టే ఉంచాలి."

"మరి నా థాంక్స్ ఎక్కడ పెట్టుకోను?"

"నోరుందిగా?"

నోరుంది కానీ, అది ఉన్నట్టుండి ఎండిపోయింది.

"థాంక్స్ అండీ. అత్త నవ్వు నాకు తెచ్చిచ్చారు. కానీ... ఒక్కసారి చెప్తే సరిపోయేలా లేదు. రోజూ చెప్పాలనుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీకు ఇష్టమైతేనే. మీరంటే నాకు చాలా ఇష్టం, చిగుసా గారూ."

చిగుసా చెవులు అత్త టోపీతో పోటీపడ్డాయి. చప్పున అత్త వైపు చూసింది.

అత్త తల తిప్పలేదు. "నావైపు చూస్తారేంటి? నేనివాళే పుట్టిన పసిపాపని. పెద్దవాళ్ల మాటలు నాకేం అర్థమవుతాయి? పిల్లా, వాడు మంచివాడే. పళ్లు కూడా బాగా తోముకుంటాడు."

చిగుసా ఫక్కున నవ్వేసింది. ఈసారి ఆపుకోలేదు.

"ముందు ఆ 'గారు' తీసెయ్," అంది అతనితో, మెల్లగా. "తర్వాత రేపు పొద్దున వచ్చి మళ్లీ చెప్పు. వింటాను."