జవాబివ్వకూడని చప్పుడు

హెలిగ్ లోయలో పైచెరువు దగ్గర పొద్దుగూకాక ఎవరూ తిరగరు. పగలు తిరుగుతారు — కార్డిఫ్ పట్నం నుంచి వచ్చినవాళ్లు కట్ట మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తింటారు, బాతుల ఫొటోలు తీసుకుంటారు. చీకటి పడే వేళకి మాత్రం మా ఊరివాళ్లెవరూ అక్కడుండరు. ఉంటే... చప్పుడు వినిపిస్తుందంటారు. రాయితో ఇనుము మీద కొట్టినట్టు. మూడు దెబ్బలు. కాసేపు ఆగి, మళ్లీ మూడు.

వినబడితే జవాబివ్వకూడదు. ఇక్కడ పిల్లలకి నడక వచ్చేనాటికే నేర్పే మాట అది.

కారణం అందరికీ తెలుసు. ఆ చెరువు తవ్వించింది కిందున్న గని కోసం, ఆవిరి యంత్రాలకి నీళ్లు కావాలని. మా తాతల కాలంలో ఒక చలికాలం చెరువు అడుగు కుంగి, నీళ్లు గనిలోకి దూకాయి. చాలామంది బయటపడ్డారు. కొందరు లోపలే ఒక మెరక మీద చిక్కుకుపోయారు. చెరువు నుంచి గనిలోకి దిగే ఇనపగొట్టం మీద వాళ్లు రాయితో కొట్టారు... పైనున్నవాళ్లు తిరిగి కొట్టారు. యజమానులు వచ్చి చూసి, వాళ్లని చేరే దారి లేదని తేల్చారు. ఇక తిరిగి కొట్టకండి, లేని ఆశ పెట్టడం పాపం అన్నారు.

పైవాళ్లు మానేశారు.

కిందివాళ్లు మానలేదు... చాలాసేపటిదాకా.

ఇదంతా మెయిరిగ్‌కి బాగా తెలుసు. మీసాలు రాకముందే గనిలో దిగినవాడు. గనులు మూతపడ్డాక బస్సు నడిపాడు. మా లోయలో సగం మంది ఇంటిపేరు జోన్స్ కాబట్టి పనిని బట్టి పిలుచుకుంటాం, అతను బస్సు మెయిరిగ్. రిటైరయ్యాక మగవాళ్లు కొందరు పావురాలు పెంచుతారు, కొందరు పోటీల కోసం కూరగాయలు పండిస్తారు. ఇతనికి చెరువుల పిచ్చి పట్టుకుంది. గనుల కోసం తవ్వినవీ, పట్నాలకి మంచినీళ్ల కోసం కట్టినవీ, గోతుల్లో వాన నిలిచి వాటంతటవే చెరువులైనవీ — ఒక్కొక్కటీ చుట్టి రావాలి, ఫ్లాస్కులో టీ అక్కడే తాగాలి. అతని భార్య టెగ్వెన్‌కి ఇది పెద్ద వేళాకోళం. అన్ని చెరువులూ ఒకలాగే ఉంటాయి, తడిగా, అనేది.

సొంత ఊరి పైచెరువు మాత్రం చివరిదాకా మిగిలిపోయింది. డిసెంబరులో ఓ రోజు భోజనం చేసి బయలుదేరాడు. టెగ్వెన్ వద్దంది. వాన వచ్చేట్టుంది, పొద్దు తొందరగా వాలిపోతుంది, నీ వయసేమిటి అంది. చీకటి పడకముందే వచ్చేస్తాను, గొర్రెమాంసం చారు పొయ్యి మీద ఉంచమని చెప్పి వెళ్లాడు.

వాన దారిలోనే పట్టుకుంది. అవతలి ఒడ్డున బురదలో నడక నెమ్మదించింది. చుట్టు తిరిగి కట్ట మీదకి ఎక్కేసరికి కొండలు నల్లబడిపోయాయి, నీళ్లు ఇంకా నల్లబడ్డాయి. వాన తెరిపిచ్చింది. గాలి కూడా ఆగింది.

అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్.

మెయిరిగ్ నిలబడిపోయాడు. చలికి ఇనుము బిగుసుకుంటే చప్పుడు చేస్తుంది, అదే అయ్యుంటుంది అనుకున్నాడు. మెడ వెనక వెంట్రుకలు మాత్రం ఆ మాట నమ్మలేదు.

టక్... టక్...

మూడోది రాలేదు. ఎదురుచూశాడు. చాలాసేపటికి వచ్చింది — మెల్లగా, బలం లేకుండా.

అప్పుడే అతనికి అనుమానం వచ్చింది. ఇనుము అలిసిపోదు కదా. కొడుతున్న చెయ్యెవరిదో అలిసిపోయింది.

ఇంట్లో నేర్పింది ఒకటి: చప్పుడు వింటే జవాబివ్వకు. గనిలో నేర్పింది ఇంకొకటి: ఎవడు కొట్టినా, ఎక్కడి నుంచి కొట్టినా, ముందు తిరిగి కొట్టు, తర్వాత ఆలోచించు. ఆ రెండింటి మధ్యా అతను కట్ట మీద ఎంతసేపు నిలబడ్డాడో తనకే తెలీదు. కాళ్లు ఇంటివైపు తిరిగాయని కూడా తర్వాత నాతో చెప్పాడు. చివరికి వంగి ఒక రాయి తీసుకున్నాడు. కట్ట అంచున ఉన్న కమ్మీ మీద మూడు దెబ్బలు కొట్టాడు.

అంతా నిశ్శబ్దం.

ఆ తర్వాత గబగబా, లెక్కాపత్రం లేకుండా, ప్రాణం లేచొచ్చినట్టు దెబ్బలు... అలుగు వైపు నుంచి.

చెరువు నిండితే మిగులు నీళ్లు పోయే దారి అది — రెండు ఎత్తైన రాతిగోడల మధ్య లోతైన కాలువ. పక్కన పాచి పట్టిన మెట్లు. టార్చి వేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. అడుగున నీళ్లు చేరి ఉన్నాయి. వెలుతురులో ముందు ఒక చెయ్యి కనిపించింది. ఆ చేతిలో రాయి. గోడలోంచి పొడుచుకొచ్చిన పాత ఇనపగొట్టం కొస మీద ఆ రాయి ఆనించి ఉంది.

టార్చి పైకెత్తాడు. మొహం కనిపించింది.

డిల్విన్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఈ ఇద్దరూ ఒకే బొగ్గుపొర మీద పక్కపక్కన పనిచేశారు, ఒకే డబ్బాలో తిన్నారు. మెయిరిగ్ పెళ్లిలో తోడుపెళ్లికొడుకు డిల్విన్. తర్వాత ఏడాది పొడుగునా సాగిన ఆ పెద్ద సమ్మె వచ్చింది. పొయ్యిలు వెలగని రోజులు. సమ్మె ముగియకుండానే ఒక తెల్లవారుజామున డిల్విన్, సమ్మెవాళ్ల రాళ్లు తగలకుండా కిటికీలకి ఇనపవల బిగించిన బస్సెక్కి పనిలోకి వెళ్లాడు. ఆ తర్వాత ఊళ్లో అతని పేరు ఎవరూ పలకలేదు. అటుపైన మెయిరిగ్ నడిపే బస్సు అతనెన్నిసార్లు ఎక్కాడో. మెయిరిగ్ టికెట్ ఇచ్చేవాడు, మొహం చూసేవాడు కాదు.

ఇప్పుడు చూశాడు. డిల్విన్‌దే చూపు పక్కకి తిరిగిపోయింది.

ఒక కాలు మోకాలి కింద వంకరగా ఉంది. నీళ్లు నడుముదాకా ఉన్నాయి. పైన చెరువు నిండుతోంది, అలుగు అంచు మీంచి సన్నటి ధార అప్పుడే మొదలైంది.

మెయిరిగ్ టార్చి దించాడు. వెనక్కి తిరిగి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఈ ముక్క డిల్విన్ చెప్పగా విన్నాను. అడుగుల చప్పుడు పైకి, పైకి పోయి వినిపించకుండా అయ్యేదాకా విన్నాడట. పిలవలేదట. పిలిచే మొహం నాకెక్కడిది అన్నాడు. చేతిలో రాయి నీళ్లలోకి వదిలేశాడు.

ఎంతసేపటికో మళ్లీ అడుగులు వినిపించాయి. మెయిరిగ్ రొప్పుతూ దిగి, తన కోటు విప్పి అతని భుజాల మీద కప్పాడు.

“ఇక్కడ సిగ్నల్ లేదు. కట్ట చివరిదాకా పోయి ఫోన్ చేసొచ్చా. కొండ రక్షణవాళ్లు వస్తున్నారు.”

“పోయావనుకున్నా,” అన్నాడు డిల్విన్.

మెయిరిగ్ మెట్టు మీద కాలు నిలదొక్కుకున్నాడు. చంకల కింద చేతులేసి లాగాడు. డిల్విన్ కోటు అంచు నోట్లో కుక్కుకుని అరుపు అణుచుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్లు, జారే రాళ్లు. ఎలాగో ఒక మెట్టు, ఇంకో మెట్టు... నీళ్లకి అందని చోట వెడల్పాటి రాయి మీద కూలబడ్డారు. కింద ధార కాస్త లావెక్కింది.

ఈ వేళప్పుడు ఇక్కడేం పనని మెయిరిగ్ అడిగాడు. రోజూ ఈ వేళకే వస్తానన్నాడు డిల్విన్. ఎవరూ ఉండరు గనక వస్తాడట. మనుషులు కనబడితే మొహం తిప్పుకుంటారు, దెయ్యాలైతే తిప్పుకోవుగా అన్నాడు. ఆ రోజు మాత్రం వాన వస్తుందని మధ్యాహ్నమే వచ్చాడు, అలుగు అంచు దాటుతూ జారాడు. ఫోన్ నీళ్లలో పోయింది.

డిల్విన్ పళ్లు కటకటలాడాయి. ఫ్లాస్కు మూతలో టీ పోసి పెదాలకి అందించాడు మెయిరిగ్.

“కొడుతున్నది నేనని తెలిస్తే... దిగేవాడివా?” గుసగుసగా అడిగాడు డిల్విన్.

మెయిరిగ్ ఆలోచించాడు. “తెలీదురా,” అన్నాడు.

“రా” అన్నాడని డిల్విన్ గమనించాడు. ఆ తర్వాత అన్నాడు, “నువ్వు మధ్యాహ్నం నుంచీ జవాబిస్తూ ఉండబట్టి గానీ, లేకపోతే ఎప్పుడో నిద్రపోయేవాణ్ణి. నిద్రపోతే మునిగేవాణ్ణి.”

“మధ్యాహ్నం నుంచా?”

“నేను మూడు కొడితే నువ్వు మూడు. నేనాపితే నువ్వే మొదలెట్టేవాడివి. పడుకోనిచ్చావా నన్ను.”

మెయిరిగ్ ఫ్లాస్కు మూత కింద పెట్టాడు.

“నేను కొట్టింది ఒక్కసారేరా,” అన్నాడు. “ఇందాక. పైన కమ్మీ మీద.”

డిల్విన్ అతని వంక చూశాడు. మెల్లగా చెయ్యెత్తి కింద గోడలోంచి పొడుచుకొచ్చిన గొట్టం వైపు చూపించాడు.

“నాకు వినిపించింది... అందులోంచి.”

మెయిరిగ్ టార్చి అటు తిప్పాడు. తుప్పుపట్టిన గొట్టం. దాని మూతిని ఎన్నడో సిమెంటుతో మూసేశారు. లోపలివైపు అది ఎక్కడికి పోతుందో ఆ ఇద్దరికీ చెప్పక్కర్లేదు.

అప్పుడే పైన కట్ట మీద దీపాలు కనిపించాయి. ఎవరో మెయిరిగ్‌ని పేరు పెట్టి పిలిచారు. మెయిరిగ్ టార్చి ఊపి తామున్న చోటు చూపించాడు. దీపాలు మెట్లవైపు వచ్చాయి.

డిల్విన్ అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

“వాళ్లకి చెప్పు... దొరికానని.”

“ఎవరికి?” అన్నాడు మెయిరిగ్, తెలిసే.

డిల్విన్ చూపు గొట్టం మీదే ఉంది. పట్టుకున్న చొక్కా వదల్లేదు.

మెయిరిగ్ లేచాడు. మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, చేతికందిన రాయి తీసుకుని, గొట్టం ముందు నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

నీళ్ల గలగల తప్ప ఏమీ లేదు. పైనుంచి బూట్ల చప్పుడు దగ్గరపడుతోంది. మెయిరిగ్ ఊపిరి వదిలి, రాయి కింద పడేయబోయాడు...

అప్పుడు గొట్టం మోగింది. లోపల్నుంచి. ఒక్క రాయి కాదు — ఎన్నో రాళ్లు, ఎన్నో చేతులు, ఆగకుండా, ఒకదాని మీద ఒకటి పడుతూ... రాతిగోడలు అదిరేలా.

మెట్లు దిగుతున్న రక్షణవాళ్లు ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు.