నాలుగో చుక్క

నా రొట్టెను నా కళ్ళముందే తుంచి నోట్లో వేసుకుంది ఆ అమ్మాయి. అదీ ఊదుకుంటూ, కళ్ళు మూసుకుని మరీ.

"ఏవండీ, అది మాది," అన్నాను.

"పేరు రాసుందా?"

"పేరెందుకు? పైన మూడు చుక్కలున్నాయిగా, మా ముత్తవ్వనాటి నుంచీ మా ఇంటి గుర్తు. మీ పిండి మీద ఏ గుర్తు పెట్టారు?"

"గుర్తా? అదెందుకు?"

బట్టీ దగ్గరున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఫెజ్ నగరం పాతబస్తీలో మా వీధివాళ్ళందరం ఇంట్లో పిండి కలిపి, గుర్తు పెట్టి, కాల్చడానికి ఈ బట్టీకే తెస్తాం. గుర్తు లేని పిండి తెచ్చేది కొత్తబస్తీ నుంచి నిన్నగాక మొన్న దిగినవాళ్ళే. ఆమె మొహం ఎర్రబడింది. మిగిలిన ముక్క నా చేతిలో కుక్కింది.

"ఎన్నికల్లో మావాళ్ళు గెలవనీండి! ఈ పొగగొట్టం కూలగొట్టి రోడ్డు వేయిస్తాం!"

పేరు లుబ్నా. అన్నీ మార్చేద్దామనే పార్టీలో కార్యకర్త. నేనేమో ఉన్నదాన్ని కాపాడుకుంటూ మెల్లగా బాగుచేసుకుందామనే పార్టీకి కరపత్రాలు పంచుతున్నాను. అయినా మర్నాటి నుంచి రొట్టెల పని నానమ్మ దగ్గర్నుంచి లాక్కున్నాను. ఎందుకో మీకు వేరే చెప్పాలా?

లుబ్నా రొట్టె మీద ఇప్పుడు ఒక్క చుక్క ఉంటోంది.

"వచ్చాడమ్మా పాత చింతకాయ పచ్చడి!" అనేది నన్ను చూడగానే.

"నిలవుంటేనే రుచి," అనేవాణ్ణి.

"జోకులొద్దు జవాద్. ఈ పొగకి మా అమ్మ ఒకటే దగ్గు, తెలుసా?"

ఆ మాట నన్ను నిజంగానే బాధపెట్టింది.

"పొగ పోవాల్సిందే. గ్యాసు పెట్టిద్దాం. దానికి బట్టీనే కూల్చాలా? ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకుంటారా ఎవరైనా?"

"అసలు నీకెందుకింత పట్టుదల? నిజం చెప్పు."

అప్పుడే వాన అందుకుంది. ఇద్దరం బట్టీ చూరు కింద ఇరుక్కున్నాం. తప్పించుకునే దారి లేదు.

"అమ్మ పోయినప్పుడు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పొద్దున్నే తలుపు తీస్తే గడప మీద రొట్టెలు. గీతలవి, చుక్కలవి, నక్షత్రాలవి... వీధిలో ఉన్న గుర్తులన్నీ మా పళ్ళెంలోనే. ఏ పార్టీ చెప్పింది వాళ్ళకి? రోజూ ఇక్కడ నిలబడి తిట్టుకునేవాళ్ళే తెచ్చారు. ఇలాంటిది తయారవడానికి ఎన్ని తరాలు పడుతుందో నాకు తెలీదు. కూల్చడానికి ఒక్క పూట చాలు. అందుకే నాకు భయం లుబ్నా. నా రాజకీయమంతా ఇంతే."

ఆమె నావైపు తిరిగింది.

"ఇది కరపత్రంలో వెయ్యలేదేం?"

"మా అమ్మ పేరు చెప్పి ఓట్లడగనా?"

ఆ చూపు చూడాలి! వాన ఆగకూడదని మొక్కుకున్నాను.

"సరే. గ్యాసుకి మీవాళ్ళని నువ్వు ఒప్పించు. కూల్చొద్దని మావాళ్ళతో నేను పోట్లాడతా," అంది.

మా మా పార్టీల్లో ఇద్దరికీ అక్షింతలు బాగానే పడ్డాయి. ఎన్నికల్లో గెలిచింది లుబ్నావాళ్ళే. కానీ బట్టీ మిగిలింది, పొగ పోయింది. వాళ్ళమ్మకి దగ్గు తగ్గింది. "గ్యాసు రొట్టెకి రుచేముంటుందిరా?" అంటూనే నానమ్మ ఇంకో ముక్క అడిగింది.

నాకు మాత్రం దిగులు పట్టుకుంది. ఇక దేనికోసం పోట్లాడాలి ఆ పిల్లతో?

నానమ్మ కనిపెట్టేసింది. పిండి నా ముందుకు తోసి, "చుక్కలు నువ్వే పెట్టు. మీ ముత్తవ్వ ఏమీ అనుకోదులే," అంది.

బట్టీ దగ్గర లుబ్నా మా రొట్టె వంక చూసి నోరు తెరిచేసింది.

"నాలుగు చుక్కలా? ముత్తవ్వనాటి గుర్తు మార్చేశావా? నువ్వా?"

"మార్చలేదు. ఒకటి కలిపాను."

"అది నాదేనా?"

"ఉండనిస్తావా?" అన్నాను.

"మా నాన్నతో మెల్లగా మాట్లాడు. ఆయన మీ పార్టీయే, మార్పంటే హడలు," అంది. వేడి రొట్టె తుంచి ఊదుకుంటూ సగం నా చేతిలో పెట్టి, నా మొదటి మాట నాకే తిప్పి చెప్పింది.

"ఏవండీ, ఇది మనది."