స్టాక్ లేదు

ఆమె మొదటిసారి మా మందుల షాపుకి వచ్చినప్పుడు చీటీ చూసి, నలుగురూ వినేలా అడిగాను, ఈ మనసు మాత్రలు మీకేనా అని. ఆమె మాత్రలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు నా ఖర్మ కాలి ఆమె కండక్టర్‌గా ఉన్న బస్సే ఎక్కాను. టికెట్ చింపి ఇస్తూ, "కొంచెం జరగండి, ఈయనకి నోటి దురద. అంటుకుంటుంది" అంది.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. దాంతో నా పని అయిపోయింది.

ఆ తర్వాత ఆ రూట్లో నాకు పనులు ఎక్కువైపోయాయి. చివరి స్టాపుదాకా వెళ్లి, అదే బస్సులో తిరిగొచ్చేవాణ్ణి. ఓ వాన రోజు ఇద్దరం ఒకే గొడుగు కింద నిలబడ్డాం. రెండేళ్ల కిందట మంచం మీంచి లేవలేకపోయిందట. అక్క డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాక, మాత్రలు మొదలెట్టాకే మళ్లీ డ్యూటీ చెయ్యగలిగిందట. నేను సగమే విన్నాను. మిగతా సగం ఆమె కళ్లు చూస్తూ గడిపాను.

పెళ్లి మాట వచ్చేసరికి, "పిచ్చి మందులు మింగే పిల్లా?" అంది మా అమ్మ. అది పిచ్చి కాదని చెప్పాల్సింది పోయి, పెళ్లినాటికి మానేస్తుందని మాటిచ్చాను. నిజానికి నేనూ అలాగే అనుకున్నాను. ఇంత గలగలా నవ్వే మనిషికి రోగమేమిటి? నేను పక్కనుంటే మాత్రలెందుకు? ఆరేళ్లుగా మందులమ్మేవాడి తెలివి ఇది.

ఆ నెల ఆమె చీటీ తెస్తే స్టాక్ లేదన్నాను. డబ్బా నా వెనక అరలోనే ఉంది. వేరే షాపులో చూస్తానంటే, ఎక్కడా దొరకడం లేదు, నేనే తెప్పిస్తానన్నాను. నమ్మింది. రెండో వారం కూడా నమ్మింది.

మూడో వారం బస్సులో ఇంకెవరో టికెట్లు ఇస్తున్నారు. వాళ్లింటికి పరిగెత్తాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల తిరుగుతోందట, నిద్ర లేదట, ఊరికే ఏడుస్తోందట. భయమేసి వాళ్లక్కకి ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. చెల్లెలికి చెప్పులు తొడిగి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. నన్ను మాత్రం రావద్దంది.

రెండు నెలలకి ఆమె షాపుకొచ్చింది. చిక్కిపోయింది, కానీ కోలుకుంది. జరిగిందంతా విన్నాక, మాత్రలు వాడుతున్నా సరే కోడలిగా రమ్మని అమ్మ అంటోందని, నన్ను క్షమించమని, ప్రేమకొద్దీ చేశానని గబగబా చెప్పాను.

"తెలుసు" అంది. "ఆ మూడు వారాలూ తప్పు నాదే అనుకున్నాను. ఇంత మంచివాడు దొరికినా ఏడుస్తున్నానంటే నేను బతికీ దండగ అనుకున్నాను. మీ అమ్మగారు తెలియక అన్నారు. నీకేమైంది?"

 నేనింక ఎప్పటికీ వద్దా అని అడిగాను.

"నువ్వంటే ఇప్పటికీ ఇష్టమే" అంది. "కానీ రేపు నువ్వు మంచినీళ్లిచ్చినా ఒకసారి గ్లాసులోకి చూసుకుంటాను. అలా కాపురం చెయ్యలేను."