అలసిపోని అంచు

"పదకొండింటికి 'ఇది గద్వాలలో నేసిందే' అన్న సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం పడుతుంది. పడితే గద్వాల పని అయిపోయినట్టే" అన్నాడు ఫోన్‌లో చీఫ్.

ఏజెంట్ డేవిడ్ వాచీ చూసుకున్నాడు. పదీ నలభై.

కేసు చిన్నది, కంపు పెద్దది. కొత్త వాణిజ్య ఒప్పందం ప్రకారం ఇక్కడ నేసిన బట్టకు ఒప్పందం కుదిరిన దేశంలో సుంకం లేదు. అందుకని ఒక విదేశీ ముఠా తమ మిల్లు స్కార్ఫ్‌లను దొంగచాటుగా దించి, 'గద్వాల చేనేత' లేబుల్ కుట్టి పంపుతోందని సమాచారం. అక్కడి కస్టమ్స్ పట్టుకుంటే గద్వాల పేరు రాయితీ జాబితాలోంచి ఎగిరిపోతుంది. మూడు వందల మగ్గాలు ఆ జాబితా మీదే ఆశ పెట్టుకున్నాయి.

కొనుగోలుదారు తరఫు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో డేవిడ్ గోడౌన్‌లో అడుగుపెట్టాడు.

"పడుగు తెగిందా?" అందొక ఆడగొంతు.

"పేక మిగిలింది."

కోడ్ కలిసింది. ప్రేమలత. ముఠాలో ఎక్స్‌పోర్ట్ కన్సల్టెంట్‌గా దూరిన మన ఏజెంట్. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, ఊపిరాడనివ్వని సెంటు.

"సరుకు క్లీన్, డేవిడ్. నా కళ్లముందే నేశారు."

పెన్నులో దాచిన లెన్స్‌తో చూశాడు. నూలు బట్ట, పట్టు అంచు, రెండింటినీ దారానికి దారం మెలేసి కలిపిన కుట్టు. లోపం లేదు. పక్కన ధ్రువీకరణ అధికారి ఒక్క పెట్టె కూడా తెరవలేదు. పల్లీలు నములుతూ, ఆ జిడ్డు వేళ్లతోనే ల్యాప్‌టాప్‌కు సంతకం టోకెన్ తగిలించాడు.

ఫొటో కోసం పిలిపించిన నేత కార్మికురాలు జమ్ములమ్మ ఒక స్కార్ఫ్ అందుకుని, కుట్టు పొడవునా గోరు నడిపింది.

"ఇది మనిషి నేసింది గాదు సారూ."

"ఎలా చెప్తున్నావమ్మా?"

"పొద్దుగాల చెయ్యి బిగుతుగుంటది. బువ్వ తిని కూసుంటే జర వదులైతది. గోరు పెడితే తెలుస్తది. గీ కుట్టు ఈ కొసకెల్లి ఆ కొసదాక ఒక్కతాన గూడ అలువలే. దీనికి ఆకలి గాలే సారూ!"

డేవిడ్ తలెత్తేసరికి ప్రేమలత చేతిలో పిస్టల్.

"ఛీ! నువ్వా?"

"రెండు వైపులా జీతం. నాకిదే స్వేచ్ఛా వాణిజ్యం. కానివ్వండి ఆఫీసర్!"

అధికారి మీట నొక్కాడు. తెర మీద సంతకం ఎక్కుతోంది. తొంభై ఆరు శాతం... తొంభై ఎనిమిది...

డేవిడ్ కాలితో అట్టపెట్టెను ఆమె మీదికి తన్నాడు. గుండు పైకప్పు రేకులో దిగింది. ఒక్క దూకు దూకి టోకెన్ పీకేశాడు. తొంభై తొమ్మిది దగ్గర అంకె ఆగిపోయింది. లారీ క్లీనర్ల వేషంలో బయట కాచుకున్న పోలీసులు లోపలికి దూసుకొచ్చి ప్రేమలతకు బేడీలు వేశారు.

అధికారి చెమట తుడుచుకున్నాడు. అతని బాధ వేరు.

"ఎగుమతులు రెట్టింపైనయని పొద్దుగాలనే ప్రెస్‌నోట్ ఇచ్చిన సార్. ఇప్పుడేం జెయ్యాలె?"

జమ్ములమ్మ స్కార్ఫ్‌ను అతని ఒళ్లోకి విసిరింది.

"నువ్వే నెయ్యి సారూ. రెండు నెలల సంది నా మగ్గం ఖాళీగనే ఉంది."