ఐదో నెంబరు టేబుల్

ప్యూబ్లాలో ఎక్కడ తినాలో రాసిన కాగితం కోసం ఓ మనిషి ప్రాణం పోయింది. హౌగాంగ్‌లో లిఫ్టు తెరిచేసరికి పడి ఉన్నాడు. మెడ మీద చిన్న సూది గుర్తు.

చాంగీ బిజినెస్ పార్క్‌లో, పైకి సాఫ్ట్‌వేర్ కంపెనీలా కనిపించే ఆఫీసులో చీఫ్ దశరథరామయ్య ఆ కాగితం ముందుకు తోశాడు. ‘మెక్సికో వెళ్తే ప్యూబ్లా పాతబస్తీలో తప్పక తినాల్సిన ఐదు చోట్లు.’

"చచ్చినవాడు మన మనిషే. చివరి కాల్‌లో చెప్పాడు. హౌగాంగ్ హాకర్ సెంటర్‌లో ఒక టేబుల్ మీద ట్రాన్స్‌మిటర్ ఉంది. ఒంటిగంటకి సిగ్నల్ వెళ్తే జురాంగ్ ఐలాండ్‌ గ్యాస్ ప్లాంటులో వాల్వు తెరుచుకుంటుంది. ఈ ఐదింటిలో ఒకటి అబద్ధం. దాని నెంబరే టేబుల్ నెంబరు."

"అన్ని టేబుళ్లూ వెతికితే?" అన్నాడు ఏజెంట్ మహీధర్.

"వాళ్ల మనిషి ఒకడు కాపలా ఉంటాడు. తేడా కనిపిస్తే ముందే రిమోట్ నొక్కేస్తాడు. ఒక్కటే ఛాన్స్. మన ఆఫీసు కీర్తిక నీతో వస్తుంది. ప్యూబ్లాలో రెండేళ్లుంది."

మహీధర్ గడియారం చూసుకున్నాడు. అతని తమ్ముడు గణపతి ఆ ప్లాంటులోనే మార్నింగ్ షిఫ్టు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారు.

పన్నెండూ యాభై. హాకర్ సెంటర్‌లో తిండి స్టాళ్ల ముందు జనం కిటకిటలాడుతున్నారు. ఎర్ర గౌనులో కీర్తిక వెలిగిపోతోంది. "మూడోది అబద్ధం. ఆ వీధిలో హోటలే లేదు," అంది. మూడో టేబుల్ దగ్గర మాటు వేశారు. తొమ్మిది నిమిషాలు గడిచాయి. ఏమీ లేదు.

మహీధర్ చెమట తుడుచుకుంటూ మళ్లీ చదివాడు. ఐదో చోట దొరికేది: ‘చిలెస్ ఎన్ నొగాడా. అక్రోటు సాస్, దానిమ్మ గింజలతో పెద్ద మిరపకాయ కూర. జనవరిలో తప్పక తినండి.’ అతనూ ఆ ఊళ్లో మూడు నెలలు మసాలా వ్యాపారి వేషం వేసినవాడే.

"ఇది తిన్నావా?" అన్నాడు మామూలుగా.

"బోల్డుసార్లు! ప్రతి క్రిస్మస్‌కీ."

అబద్ధం ఐదోదే. లేత అక్రోటు వచ్చే ఆగస్టు, సెప్టెంబరుల్లో తప్ప ఆ ఊరివాళ్లు దాని పేరెత్తరు. ఈవిడ ప్యూబ్లాలో ఒక్కపూట కూడా భోంచేయలేదు.

ఐదో టేబుల్ వైపు చూశాడు. ట్రేలు పట్టుకుని జనం చోటు కోసం తిరుగుతున్నారు. ఆ టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్. అది ఉంటే సీటు రిజర్వ్ అయినట్టే. చచ్చినా ఎవరూ ముట్టుకోరు. ఎంత తెలివి!

ఒక్క ఉరుకు ఉరికాడు. వెనక కీర్తిక లిప్‌స్టిక్ మూత తిప్పుతోంది. ప్యాకెట్ చించాడు. లోపల ఎర్ర అంకెలు. నాలుగు, మూడు... ఆఫ్ స్విచ్ లేదు. పక్కనే ఓ పెద్దావిడ ట్రేలో పొగలు కక్కుతున్న చేప సూపు. ట్రాన్స్‌మిటర్ అందులో ముంచేశాడు.

కీర్తిక లిప్‌స్టిక్ నొక్కింది. మళ్లీ నొక్కింది. సూపులో బుడగలొచ్చాయి. అంతే. ఆమె పరుగు తీసింది గానీ గుమ్మంలో దశరథరామయ్య మనుషులు చేతులు చాచి నిలబడ్డారు.

"ఏం బాబూ, బుద్ధుందా?" పెద్దావిడ రత్తమ్మ గొంతు హాలంతా మోగింది. "ఎవరో టిష్యూ పెట్టి చోప్ చేసుకున్న టేబుల్ మీద పడతావా? నా సూపెవడు తెస్తాడు?"

"తెస్తానాంటీ. రెండు తెస్తాను," అన్నాడు.

ఒంటిగంటా పదికి ఫోన్ మోగింది. ప్లాంటు గేటు బయటి నుంచి గణపతి.

"అన్నా, తిన్నావా?"

మహీధర్‌కి కళ్లు చెమర్చాయి.

"ఎక్కడ తినాలో పొద్దుట్నుంచీ చదువుతూనే ఉన్నాన్రా. ఇంకా తినలేదు."